తొమ్మిదో ప్రశ్న

ఎనిమిదింటి దాకా కలం ఆగలేదు.
పేరు, మైలపల్లి సీలాసు.
ఊరు, పెదజాలారిపేట, విశాఖపట్నం.
బాప్తిస్మం ఎక్కడ పొందారు?
సముద్రంలో.
(పాస్టరుగారు ఒక్కసారే ముంచారు,
అల ఇంకో రెండుసార్లు ముంచింది.
అది రాయలేదు.)

తొమ్మిదోది ఒక్క లైను.
‘మీకు అప్పులున్నాయా? ఉన్న యెడల వివరములు.’
దాని కింద వేలెడు ఖాళీ.
వివరాలకు వేలెడు చాలునని
మిషను ఆఫీసులో ఎవరనుకున్నారో.

హుద్‌హుద్ వచ్చిన ఏడు
మందిరం రేకులు లేచిపోయాయి.
ఒకటి హార్బరు గోడ దగ్గర దొరికింది,
నలిపి పారేసిన బస్సు టిక్కెట్టులా.
దేవుడి పేరు మీద ఎవరూ అప్పివ్వరు.
రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం పెట్టడానికి
ఒక మనిషి కావాలి.
నేను పెట్టాను.
నూటికి మూడు.

ఆ మూడుకి పిల్లలు పుట్టాయి.
కేజీహెచ్‌లో మంచం ఉచితమే,
బయటికి రాసిచ్చిన మందు కాదు.
కెజియా గాజులు డాబాగార్డెన్స్‌లో
ప్లాస్టిక్ కవర్లో నాలుగేళ్ళుగా పడుకున్నాయి.
కుర్రాళ్ళు పాటలకొస్తారని కీబోర్డు,
వాయిదాలు ఇంకా పాడుతోంది.
కుర్రాళ్ళు మాత్రం బోటు పనికి పోయారు.

టీకొట్టు దగ్గర ఒకడన్నాడు,
‘వీళ్ళకేటి, ఫారిన్ నుంచి వస్తాది.’
జేబు తిరగేసి చూపిద్దామనుకున్నాను.
చీటీపాట రసీదు ఒకటి, పదకొండు రూపాయలు.
చూపించలేదు.
టీ అప్పు రాయమన్నాను.

కిందటేడు పది రోజులు ముంచింగిపుట్టు పైన ఉన్నాను.
వాళ్ళ మాట నాకు సగమే తెలుసు,
నా మాట వాళ్ళకి ముప్పాతిక.
పసుపు తవ్వుతున్న ముసలామె
నడుం ఎత్తకుండానే అడిగింది,
కింది నుంచి వచ్చేవాడు రెండే పనులకొస్తాడు,
అప్పివ్వడానికి, వసూలుకి.
నువ్వు దేనికొచ్చావు?
దాచుకున్న వాక్యాలన్నీ నోట్లోనే ఆరిపోయాయి.
‘నేనే బాకీ ఉన్నానమ్మా’ అన్నాను.
అప్పుడు తలెత్తింది.
గట్టు మీద కొంచెం జరిగి
కూర్చోవడానికి చోటిచ్చింది.

ఆ చోటు కోసమే ఈ ఫారం.
ఆ రాత్రి నన్ను వణికించిన చలిజ్వరం
ఫారంలో ఎక్కడా అడగలేదు.
ఫోను అందక కెజియా తెల్లవార్లూ
దీపం ఆర్పలేదన్నదీ అడగలేదు.

ఆదివారం,
ప్రభువు నేర్పిన ప్రార్థనలో
ఋణమనే మాట దగ్గరికొచ్చేసరికి
నా గొంతు తగ్గుతుంది.
వెనక చాప మీద ఎల్లాజమ్మ గొంతు లేస్తుంది.
ఎండుచేపల గంప బయట పెట్టి లోపలికొస్తుంది,
వాసన మాత్రం ఆమెతోపాటే కూర్చుంటుంది.
ఆరో తారీకు ఆమెది.
ఆ రేకుల కిందే, ఆమె డబ్బు నీడలోనే,
కళ్ళు మూసుకుని నిలబడతాను.
భక్తి అనుకుంటారు.

నిన్న ధైర్యం చేసి అడిగేశాను.
కొండకెళ్ళిపోవాలనుంది,
వడ్డీ అయినా వదిలేస్తే...
గంప దించింది.
‘మాపీ మాట దేవుడితో అనుకో, బాబూ.
నాది సేపలమ్మిన డబ్బు, వాసన సూడు.
కొండకెల్లు, ఎవులొద్దన్నారు?
ఆరో తారీకు మర్సిపోకు.’
రెండడుగులేసి వెనక్కి తిరిగింది.
‘దోమతెర కొనుక్కెల్లు.
అది అప్పులో రాయను.’

వేలెడు ఖాళీలో అంకె రాశాను.
పట్టలేదు. మార్జిన్లోకి పాకింది.
అలాగే ఉంచాను.

పద్నాలుగో ప్రశ్న:
మిమ్మల్ని బాగా ఎరిగినవారు ఇద్దరి పేర్లు.
పెద్ద పాస్టరుగారికి నా ప్రసంగాలు తెలుసు.
కలం కాసేపు ఆయన పేరు మీద తచ్చాడింది.
చోడిపిల్లి ఎల్లాజమ్మ, ఎండుచేపల వ్యాపారం,
అని రాశాను.

ఇవాళ ఆరో తారీకు.
గుమ్మంలో నిలబడి ఫారం చేతికి తీసుకుంది,
తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.
‘నా పోను నెంబరు
సరిగ్గా రాసినావా?’